మూడు రోజులు మొరాయించిన బ్యాటరీ లైటు

మా ఊళ్లో టార్చిని ఎవరూ టార్చి అనరు, బ్యాటరీ లైటు అంటారు. నాన్నయితే ఉత్త ‘బ్యాటరీ’ అంటాడు. ‘ఒరేయ్, బ్యాటరీ ఎక్కడ పెట్టావురా’ అని అరిచాడంటే లోపలి సెల్లు గురించి కాదు, మొత్తం లైటు గురించి అని మనమే అర్థం చేసుకోవాలి. జనవరి నెలాఖరులో రిపబ్లిక్ డే సెలవు శని ఆదివారాలకి కలిసొచ్చి ఊరెళ్లాను, వినుకొండ దగ్గర. వెళ్లేసరికి ఆ బ్యాటరీ పాడై ఉంది. పూర్తిగా పోయుంటే గొడవే లేదు, అవతల పారేసి కొత్తది కొనేవాళ్లం. ఇది వెలుగుతుంది, కానీ దాని ఇష్టం వచ్చినట్టు వెలుగుతుంది.

అది ఐదేళ్ల కిందట నేనే ఆన్‌లైన్లో కొనిచ్చిన మందపాటి అల్యూమినియం లైటు. ఒక నొక్కుకి ఫుల్లు, ఇంకో నొక్కుకి సగం, తర్వాత డిమ్ము, ఆ తర్వాత పోలీసు జీపు మీద లైటులా టపటపా కొట్టుకోవడం, చివరికి మూడు పొట్టి మూడు పొడుగు మూడు పొట్టి, అంటే ఓడ మునిగిపోతుంటే ఇచ్చే ఎస్‌ఓఎస్ సంకేతం. వినుకొండ పక్కన సముద్రం ఎక్కడుందో ఆ తయారు చేసినవాళ్లకే తెలియాలి. కొత్తలో ఈ మోడ్లు చూసి నేనే మురిసిపోయాను. ఇప్పుడు లోపలెక్కడో కాంటాక్టు లూజయ్యి, లైటు కాస్త కదిలితే చాలు మోడు మారిపోతోంది. దీనికి కారణం ఉంది. ఇలాంటి లైట్లలో కరెంటు ఒక్క క్షణం తెగి మళ్లీ వస్తే లోపలి బోర్డు దాన్ని మనం నొక్కిన నొక్కు అనుకుంటుంది. నడుస్తుంటే చెయ్యి ఊగుతుంది కదా, ఊగినప్పుడల్లా ఒక మోడు. మిరపకాయలు కల్లంలో ఆరబోసి ఉన్న రోజులవి, నాన్న రాత్రి కాపలాకి పోతాడు, దారిలో రక్తపింజరి భయం ఒకటి, అడవి పందుల గొడవ ఒకటి. ఆ చీకట్లో ఈ లైటు ఓడ మునిగిపోతోందని సంకేతాలిస్తూ ఉంటుంది, ఆయన దాన్ని తొడ మీద వేసి కొడుతూ పోతుంటాడు.

కొత్తది కొంటానంటే వద్దన్నాడు. ‘దీని బరువు చేతికి అలవాటైందిరా. లోపలేదో లూజయినట్టుంది, నువ్వు ఇంజనీరువి కదా, చూడు’ అన్నాడు. నేను కోడు రాసే ఇంజనీరుని. అయినా సోల్డరింగు సరదా ఉంది కాబట్టి సరే అన్నాను. అప్పుడే నా బుర్రలో పురుగు కూడా దొలిచింది. ఎలాగూ విప్పుతున్నాం, రిపేరు ఒక్కటే ఎందుకు, ఎల్‌ఈడీ, దానికి వెళ్లే కరెంటుని అదుపు చేసే డ్రైవరు బోర్డు, సెల్లు అన్నీ మార్చేద్దాం అని.

ముందు సెల్లు తీశాను. 18650 రకం, అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. దాని మీద 9900 ఎంఏహెచ్ అని పెద్దక్షరాలతో ఉంది, సెల్లులో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క అది. ఈ సైజులో ఎంత మంచి కంపెనీ సెల్లయినా 3500 దగ్గర ఆగిపోతుంది, ఈమధ్య వచ్చినవి కొన్ని 4000 దాకా పోతున్నాయి. 9900 ఉందని రాశారంటే అది సెల్లు కాదు, ఎన్నికల హామీ. తూకం వేస్తే ఇంకా తొందరగా తేలిపోతుంది, అసలు సిసలు 18650 నలభై ఐదు గ్రాములకి అటూ ఇటూ తూగుతుంది, ఇది ముప్పై కూడా లేదు. నాన్నకి చెబితే నమ్మలేదు, ‘అంత పెద్ద నంబరు ఊరికే ఎందుకేస్తారు’ అన్నాడు.

తర్వాత తప్పు ఎక్కడుందో చూడాలి. వెనక మూత తీసేసి, సెల్లు నెగటివ్ నుంచి బాడీ అంచుకి ఒక వైరు ముక్క ఆనించాను. ఇలా చేస్తే స్విచ్చుతో పని లేకుండా లైటు వెలగాలి. వెలిగింది, వణికింది. అంటే స్విచ్చు బాగానే ఉంది, రోగం తలకాయలో ఉంది. అదే చోట మల్టీమీటరు పెట్టి ఎంత కరెంటు లాగుతుందో చూద్దామని, తొందరలో ఎర్ర వైరుని 10 ఆంపియర్ల రంధ్రంలో కాకుండా 200 మిల్లీఆంపియర్ల రంధ్రంలో పెట్టాను. లోపల ఫ్యూజు పోయింది. పదేళ్లుగా మీటరు వాడుతున్నవాణ్ణి, ఇంతకన్నా చెప్పను.

ఇక తలకాయ విప్పడం. అసలు కథంతా ఇదే. కంపెనీలో బిగించేటప్పుడు ఈ మరలకి జిగురు పూస్తారు, కింద పడినా లూజవకుండా, నీళ్లు పోకుండా. మనలాంటివాళ్లు విప్పకుండా కూడా అని నా అనుమానం. మొదట ఉత్త చేతులతో తిప్పాను. అమ్మ అంట్లు తోమే రబ్బరు గ్లౌజులేసుకుని తిప్పాను. తలకాయ మీద రెండు గాడి గీతలున్నాయి, కింది గీత దగ్గర అతుకు ఉన్నట్టు స్పష్టంగా కనిపిస్తోంది, అక్కడే నా బలమంతా. పాత సైకిల్ ట్యూబు కోసి, ఒక పట్టీ బాడీకి, ఇంకోటి తలకాయకి బిగించి చుట్టాను. ఇది నిజంగా మంచి ఉపాయం, చేతి పట్టు రెండింతలవుతుంది, లోహానికి గీత పడదు. దానికీ కదల్లేదు. యూట్యూబులో ఎవరో చెప్పారని రాత్రంతా డీప్ ఫ్రీజులో పెట్టాను. పొద్దున తీస్తే చల్లటి లైటు ఒకటి తయారైంది, అంతే.

రెండో రోజు పంతం పెరిగింది. పంతం పెరిగితే పైపు పానా గుర్తొస్తుంది. ట్యూబు మీద నుంచే పట్టాను కానీ అది జారి, పళ్లు నేరుగా అల్యూమినియంలో దిగి, చుట్టూ కుక్క కొరికినట్టు గాట్లు పడ్డాయి. నాన్న పక్కనే మంచం మీద కూర్చుని చూస్తున్నాడు, ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను, బాడీని మా పాత వైసులో, అంటే వస్తువుని కదలకుండా నొక్కిపట్టే ఇనప పట్టులో బిగించాను. గొట్టం గుండ్రంగా ఉండేది కాస్తా కోడిగుడ్డులా నొక్కుకుపోయిందంటే మరలు ఇంకా బిగుసుకుపోతాయి, విప్పే ఆశ అక్కడితో సరి. అదృష్టం కొద్దీ సెల్లు మళ్లీ దూర్చి చూస్తే దూరింది. ఆ తర్వాత బుద్ధి తెచ్చుకుని, పాత సుత్తి పిడిని సెల్లు మందానికి చెక్కి లోపల పెట్టి బిగించాను. లోపల గట్టిగా ఏదైనా ఉంటే గొట్టం నొక్కుకుపోదు. సెల్లునే లోపల ఉంచి మాత్రం ఎప్పుడూ బిగించకండి, లిథియం సెల్లు నలిగితే లైటుకి కాదు, ఇంటికి మంట.

ఎంత బిగించినా కదలని చోట కదల్లేదు.

మూడో రోజు నాన్నే బండెక్కించుకుని వినుకొండలో తనకి తెలిసిన లేతు మిషను ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. అరవై దాటిన మనిషి, మోటారు షాఫ్టులు, ట్రాక్టరు పిన్నులు చేస్తాడు. లైటు చేతిలోకి తీసుకుని ‘ఏందయ్యా ఇది, ఎవరు కొరికారు దీన్ని?’ అన్నాడు. కొరికింది మా వాడే అన్నాడు నాన్న, రెండు రోజులుగా దాచుకున్న మాట.

ఆయన తిప్పే ప్రయత్నమే చెయ్యలేదు. కళ్లద్దాలు పైకి నెట్టి చుట్టూ చూశాడు, గోటితో గీతల మీద గీకాడు, ‘ఇది అతుకని నీకెవరు చెప్పారు?’ అన్నాడు. ఎవరూ చెప్పలేదు, కనిపిస్తోంది కదా అన్నాను. అప్పుడు ఒక సుద్దముక్క తీసి తలకాయ చుట్టూ తెల్లగా రుద్దాడు. సామాన్లు కడగడానికి పెట్టుకున్న కిరసనాయిలు సీసాలోంచి రెండు చెంచాల్లాగా గొట్టం లోపల పోసి, లైటుని తలకిందులుగా ఒక డబ్బాలో నిలబెట్టి, టీ తాగి రమ్మన్నాడు.

ట్యాంకులకి వెల్డింగు చేసినప్పుడు ఎక్కడ సన్న చీలిక ఉందో పట్టుకోవడానికి వాడే పద్ధతి ఇది. ఒక వైపు సుద్ద పూస్తారు, రెండో వైపు కిరసనాయిలు. నీళ్లు పోని సందులోంచి కూడా కిరసనాయిలు పాకుతుంది, పాకి వచ్చిన చోట తెల్ల సుద్ద మీద తడి మరక తేలుతుంది. మేం టీ తాగి, నాన్న ఎవరితోనో క్వింటాలు ఎంత పలుకుతోందని మాట్లాడి వచ్చేసరికి, తలకాయ మీద సన్నని తడి గీత కనిపిస్తోంది, చుట్టుకొలతలో సగం దాకా. నేను రెండు రోజులు కుస్తీ పట్టిన చోట కాదు, దానికి సెంటీమీటరు పైన! కింద ఉన్నది ఉత్త అలంకారపు గాడి, వేడి పోవడానికి, అందానికి లేతు మీద గీసింది. అంటే రెండు రోజులుగా నేను ఒకే లోహపు ముక్క మీద పైన ఒక చెయ్యి కింద ఒక చెయ్యి వేసి తిప్పుతున్నాను. భూమి తిరగాలి గానీ అది తిరగదు.

లైటుని బాగా తుడిచి, ఎండలో ఆరబెట్టి ఇచ్చాడు, కిరసనాయిలు తడి ఉన్నదానికి మంట చూపించొద్దని రెండుసార్లు చెప్పాడు. డబ్బులు అడగలేదు, ఇస్తే తీసుకోలేదు. ఇంటికొచ్చి పొయ్యి ఆపేసి, గిన్నెలో మరిగిన నీళ్లలో తలకాయ వరకే నాలుగు నిమిషాలు ముంచాను. వేడికి జిగురు మెత్తబడాలి. ఎర్ర రకం జిగురైతే 250 డిగ్రీల దాకా వేడి కావాలి, మరిగే నీళ్లు చాలవు, అదృష్టం కొద్దీ ఇది అంత మొండిది కాదు. సైకిల్ ట్యూబు పట్టీలు రెండూ ఈసారి అసలు అతుక్కి అటొకటి ఇటొకటి చుట్టి, గ్లౌజులేసుకుని తిప్పాను. టక్ మంది. ఏదో విరిగిందనుకుని గుండె ఆగింది. విరిగింది జిగురే. తర్వాత అరచుట్టు, చుట్టు, ఇక వేళ్లతోనే ఊడొచ్చింది. అరిచిన అరుపుకి అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, పాము అనుకుని.

లోపల ఉన్నది చూస్తే జాలేసింది. చిన్న ఇత్తడి డబ్బాలాంటిది, పిల్ అంటారు దాన్ని. పైన ఎల్‌ఈడీ బిళ్ల, కింద డ్రైవరు బోర్డు. బోర్డు అంచుని ఇత్తడికి రెండే రెండు చుక్కల టంకంతో అంటించారు, రెండూ పగిలి ఉన్నాయి. సెల్లు నెగటివ్ వెళ్లే దారి అదే, అదే పగిలితే వణక్క ఏం చేస్తుంది. ఎల్‌ఈడీ బిళ్ల కింద వేడి లాగే పేస్టు ఉండాలి, ఎండిపోయిన తెల్ల పొడి తప్ప ఏమీ లేదు. రిపేరు మాత్రమే చాలనుకుంటే ఆ రెండు చుక్కలు మళ్లీ వేస్తే అయిపోయేది. పావుగంట పని. కానీ ఇంత కష్టపడి విప్పి పావుగంటలో మూసేయడానికి మనసొప్పలేదు, అన్నీ సంచిలో వేసుకుని హైదరాబాద్ తెచ్చుకున్నాను. నాన్నకి పక్క చేను బాబాయ్ లైటు తాత్కాలికంగా.

కోఠి గుజరాతీ గల్లీలో తిరిగి పేస్టు, వైర్లు, టంకం కొన్నాను, ఎల్‌ఈడీ, బోర్డు ఆన్‌లైన్లో తెప్పించాను. ఏది కొనాలన్న దగ్గర నాలో నేనే కొట్టుకున్నాను. ఈ పనికి వాడే బోర్డుల్లో 7135 అని చిన్న చిప్పులుంటాయి, ఒక్కోటి 350 మిల్లీఆంపియర్లు వదులుతుంది. ఎనిమిది చిప్పులది కొంటే 2.8 ఆంపియర్లు, కల్లం మొత్తం పగల్లా అవుతుంది, కాకపోతే సెల్లు గంటలో ఖాళీ, చెయ్యి కాలుతుంది. నాన్నకి కావలసింది రాత్రంతా నమ్మకంగా వెలగడం. నాలుగు చిప్పులది, మోడ్లేమీ లేనిది తీసుకున్నాను. నొక్కితే వెలగాలి, నొక్కితే ఆరాలి. 1.4 ఆంపియర్లు, 3000 ఎంఏహెచ్ కొత్త సెల్లుతో రెండు గంటలు ఏకధాటిగా. ఎవరూ ఏకధాటిగా వేసి ఉంచరు కాబట్టి రెండు మూడు రాత్రులు వస్తుంది.

ఎల్‌ఈడీ మాత్రం మోజుపడి కొన్నాను. తెల్ల ఎల్‌ఈడీ అంటే నిజానికి నీలం ఎల్‌ఈడీ, దాని మీద పసుపు పొడి పూత. ఆ నీలాన్ని కనిపెట్టినందుకే ముగ్గురు జపాన్‌లో పుట్టిన శాస్త్రవేత్తలకి 2014లో భౌతికశాస్త్రం నోబెల్ ఇచ్చారు. చవక రకాల్లో నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ, అందుకే వాటి వెలుతురులో మనుషులు శవాల్లా కనిపిస్తారు. నేను తీసుకున్నది నిచియా అనే కంపెనీ వాళ్ల 219బి, 4000 కెల్విన్, అంటే కాస్త పసుపు వైపు మొగ్గే తెలుపు, రంగుల్ని ఉన్నవున్నట్టు చూపించే రకం, రాగి బిళ్ల మీద అంటించి వచ్చింది. తడబడితే పనికొస్తుందని రెండు కొన్నాను. మంచి పని చేశాను.

రాగి బిళ్లకి వైర్లు టంకం పెట్టడం అంత తేలిక కాదు. రాగి వేడిని వెంటనే మింగేస్తుంది, నా 25 వాట్ల ఐరన్ కొస దాని మీద పెడితే టంకం కరగకపోగా ముద్దలా అతుక్కుంటుంది. 60 వాట్లది కొనే బదులు ఇంట్లో ఇస్త్రీ పెట్టెని తిరగేసి, మధ్యస్థం వేడి మీద పెట్టి, బిళ్లని దాని మీద ఒక నిమిషం వేడెక్కించి టంకం వేశాను. వెన్నలా పరుచుకుంది. మా ఆవిడ చూసి ‘ఆ పెట్టెతో నా చీరలు చెయ్యొద్దు’ అంది. నిజమే, సీసం కలిసిన టంకం, తర్వాత కొత్తది కొనిచ్చాను. 60 వాట్ల ఐరన్ కన్నా ఎక్కువైంది. ఇత్తడి పిల్‌కి బోర్డు అతికించడానికి ఎలాగూ 60 వాట్లది కొనక తప్పలేదు, ఈసారి చుట్టూ ఆరు చుక్కలు వేశాను.

అంతా బిగించి నొక్కాను. ఎంత వెలుతురో! గోడ మీద కళ్లు జిగేలుమనేంత. నాలుగు చిప్పులకే ఇంతా అని పొంగిపోయి పది సెకన్లు అలాగే చూస్తూ ఉన్నాను. వెలుతురు మెల్లగా నీలానికి తిరిగింది, వాసన వచ్చింది. మీటరు పెట్టి చూస్తే, ఈసారి సరైన రంధ్రంలోనే, మూడు ఆంపియర్లు దాటి లాగుతోంది. ఈ ఎల్‌ఈడీ తట్టుకునేది ఒకటిన్నర.

జరిగిందేంటంటే, పాత ఎల్‌ఈడీ ఐదు మిల్లీమీటర్ల చదరం, కొత్తది మూడున్నర. ఎల్‌ఈడీ చుట్టూ ఉండి వెలుతురుని ముందుకి తిప్పే గిన్నెలాంటి రిఫ్లెక్టరు రంధ్రం పెద్దది కావడంతో ఆ రిఫ్లెక్టరు కిందికి దిగి నెగటివ్ టంకం చుక్కని తాకింది. ఈ రకం బోర్డు ఎల్‌ఈడీ నెగటివ్ వైపే కాపలా కాస్తుంది. రిఫ్లెక్టరు అల్యూమినియం, అది బాడీకి తగిలి ఉంది, బాడీ అంటే సెల్లు నెగటివే. కాపలావాణ్ణి వదిలేసి గోడ దూకినట్టు కరెంటంతా అటు నుంచి పోయింది. మొదటి ఎల్‌ఈడీ అలా కాలిపోయింది. రెండోదానికి మోటారు వైండింగు వాళ్లు కాయిల్సు మధ్య పెట్టే ఇన్సులేషన్ కాగితం తెచ్చి, మధ్యలో సరిగ్గా ఎల్‌ఈడీ పట్టేంత చదరం కోసి, రింగులా కత్తిరించి పెట్టాను. దాంతో రెండు పనులైపోయాయి, షార్టు పోయింది, ఎల్‌ఈడీ రిఫ్లెక్టరు నడిమధ్యకి వచ్చింది. మీటరు 1.38 చూపించింది. నాకు ఆ అంకె చూస్తే పరీక్ష పాసైనట్టుంది.

మూసేటప్పుడు జిగురు పెట్టలేదు. లూజు కాకుండా టెఫ్లాన్ టేపు చుడదామనిపించింది గానీ, కరెంటు వెళ్లేదే ఆ మరల గుండా, టేపు చుడితే లైటే వెలగదు. రబ్బరు వాషరుకి కాస్త సిలికాన్ గ్రీజు రాసి చేత్తో బిగించానంతే. ఖర్చు లెక్కేస్తే ఇస్త్రీ పెట్టె, ఫ్యూజు, కాలిన ఎల్‌ఈడీ కలుపుకుని ఇలాంటి కొత్త లైట్లు రెండు వచ్చేవి. నాన్నకి ఆ లెక్క చెప్పలేదు, ఈ రాతా చూపించను.

శివరాత్రికి మళ్లీ ఊరెళ్లాను, కోటప్పకొండ ప్రభలు చూసినట్టూ ఉంటుంది, లైటు ఇచ్చినట్టూ ఉంటుంది. సాయంత్రం చేతిలో పెడితే నాన్న ఒకసారి నొక్కాడు, ఇంకోసారి నొక్కాడు, మూడోసారి నొక్కి ‘కొట్టుకోవట్లేదే’ అన్నాడు. అంతవరకు బాగుంది. గోడ మీదికి వేసి చూసి మొహం అదోలా పెట్టాడు. ‘ఎర్రగా ఉందేందిరా, బ్యాటరీ అయిపోయిందా?’

ఆయన తప్పు లేదు. బల్బు లైట్ల కాలంలో, చార్జింగు లేని పాత రకం సెల్లులు నీరసిస్తే వెలుతురు ఎర్రబడేది, తెల్లగా ఉంటే కొత్త సెల్లు, ఎర్రగా ఉంటే ముసలి సెల్లు అని ఆ తరానికి కంటికి అలవాటు. ఫుల్లు చార్జింగుందని, దీని రంగే అంతని చెప్పాను. ఊఁ అన్నాడు, నమ్మిన ఊఁ కాదు.

రాత్రి ఇద్దరం కల్లానికి వెళ్లాం. పరదా మీద కాయలు పరిచి ఉన్నాయి. బాబాయ్ లైటు, నీలం తెలుపుది, ముందు వేశాడు. కాయలు నల్లగా, ఎండిన మట్టిగడ్డల్లా కనిపించాయి. తర్వాత మాది వేశాడు. ఎర్రగా, పగలు ఎలా ఉంటాయో అలా, మధ్య మధ్యలో తెల్లబడిన తాలుకాయలు ఒక్కొక్కటీ విడిగా. నాన్న ఏమీ అనకుండా వంగి నాలుగు తాలుకాయలు ఏరి పక్కన పడేశాడు. ఇంకొంచెం ముందుకెళ్లి ఇంకో పది ఏరాడు. అర్ధరాత్రి పూట తాలు ఏరడం నేనెప్పుడూ చూడలేదు. పానా గాట్లు చేతికి గుచ్చుకుంటున్నాయని నేను వాడిన సైకిల్ ట్యూబు పట్టీనే బాడీకి చుట్టేసుకున్నాడు, ఇప్పుడది దాని పిడి.

మొన్న అమ్మ ఫోన్లో చెప్పింది, లైటు బాగానే వెలుగుతోందట. కాకపోతే వెలుతురు ఎర్రగా ఉంది కదా అని రోజూ పొద్దున్నే చార్జింగు పెడుతున్నాడట.